ఆరన్ దీవిలో నాన్న గుర్తుపట్టిన ఊరు

గ్లాస్గోలో ఉద్యోగం చేసిన ఆ కొన్నేళ్లలో స్కాట్లండ్‌లో చాలా ఊళ్లూ కొండలూ చూశాను. వాటిలో బాగా నచ్చిన చోటు ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా నోటికి వచ్చే పేరు ఆరన్ దీవి. స్కాట్లండ్ నైరుతి తీరానికి ఎదురుగా, ఫర్త్ ఆఫ్ క్లైడ్ అనే సముద్రశాఖలో ఉన్న ఆ దీవి వైశాల్యం సుమారు 430 చదరపు కిలోమీటర్లు. ఒడ్డు వెంబడి వేసిన రోడ్డు మీద బస్సులో చుట్టి రావడానికి ఒక పూట చాలు. కొండలు, సముద్రం, లోయలు, వాగులు, జింకలు, ఎర్ర ఉడుతలు, అన్నీ అంత చిన్న చోటనే ఉన్నాయి కాబట్టి కంటికి విందు కోరి వెళ్లేవాళ్లకు అక్కడ కొదవ లేదు. మొదట్లో నేనూ అందుకోసమే వెళ్లేదాన్ని. 2014 మే నెలలో అమ్మానాన్నలు నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, నేను అప్పటికే చూసిన ఆ దీవిలో నా కంటపడనిదాన్ని నాన్న చూశారు. ఈ జ్ఞాపకం ముఖ్యంగా ఆ ప్రయాణానిదే.

నాన్న కర్నూలు జిల్లాలో ఉన్నత పాఠశాలల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన పుట్టి పెరిగిన ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు గానీ, ఆయన దాని గురించి ఎక్కువగా మాట్లాడేవారు కాదు.

అప్పట్లో ఆరన్ వెళ్లాలంటే గ్లాస్గో సెంట్రల్ స్టేషన్లో రైలెక్కి ఆర్డ్రోసన్ రేవు దగ్గర దిగి, అక్కడి నుంచి బ్రాడిక్ వెళ్లే ఫెర్రీ ఎక్కేవాళ్లం. ప్రయాణం ఒక గంటకు కొంచెం తక్కువ. అమ్మ తెల్లవారుజామునే లేచి, ఇండియన్ దుకాణంలో దొరికిన సజ్జపిండితో రొట్టెలు చేసి, శెనక్కాయల పొడితో కలిపి డబ్బాలో పెట్టింది. ఫెర్రీ రేవు దాటగానే అందరూ కింది అంతస్తులోని కుర్చీల్లోకి వెళ్లిపోయారు గానీ నాన్న పై డెక్కు మీద, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. దీవి దగ్గరవుతున్నకొద్దీ ఉత్తరాన ఉన్న శిఖరాలు ఒకదాని వెనుక ఒకటి విడివడుతూ వచ్చాయి. తీరం నుంచి చూసినప్పుడు ఆ కొండల వరుస వెల్లకిలా పడుకున్న మనిషిలా కనిపిస్తుందని అక్కడివాళ్లు దాన్ని నిద్రిస్తున్న యోధుడు అంటారు. నుదురు, ముక్కు, ఛాతీ మీద ముడుచుకున్న చేతులు, ఒక్కొక్కటీ నాన్నకు వేలుపెట్టి చూపించాను.

ఆ శిఖరాలన్నీ సుమారు ఆరు కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి పైకి తోసుకొచ్చి చల్లారిన శిలాద్రవంతో ఏర్పడిన గ్రానైట్. వాటిలో అన్నిటికన్నా ఎత్తైనది 874 మీటర్ల గోట్‌ఫెల్. దీవి దక్షిణ భాగం అలా కాదు. అక్కడ గుండ్రటి గుట్టలు, పచ్చిక బీళ్లు, పొలాలు. స్కాట్లండ్‌ను ఉత్తరాన పర్వతసీమగా, దక్షిణాన మైదానంగా విడదీసే పెద్ద భ్రంశరేఖ, అంటే భూమి పైపొర విరిగి పక్కకు జరిగిన గీత, తూర్పు తీరంలోని స్టోన్‌హేవెన్ నుంచి దేశమంతా అడ్డంగా వచ్చి ఈ దీవిని కూడా కోసుకుంటూ పోతుంది. దేశం మొత్తాన్ని కుదించి ఇక్కడ పెట్టినట్టుందని అందరూ అనేది ఇందువల్లే. గోట్‌ఫెల్ నేను అంతకుముందే ఎక్కి ఉన్నాను. బ్రాడిక్ కోట తోటల పక్క నుంచి మొదలయ్యే బాట మొదట చెట్ల మధ్య, తరువాత బోడి నేల మీద, చివర బండల మీద సాగుతుంది. పైన నిలబడితే పడమట కింటైర్ ద్వీపకల్పం, దక్షిణాన సముద్రం నడుమ ఒంటరిగా లేచిన ఐల్సా క్రెయిగ్ రాతిదిబ్బ, గాలి శుభ్రంగా ఉన్న రోజున ఐర్లండ్ తీరం కూడా కనిపిస్తాయి. నాన్న మోకాళ్లకు ఆ ఎక్కుడు తగదు కాబట్టి ఈసారి కొండలు ఎక్కకుండా లోయల్లోనే తిరగాలని ముందే అనుకున్నాం.

మొదట బస్సులో ఉత్తరపు కొసన ఉన్న లాక్రాంజా వెళ్లాం. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చోట ఒక ఇసుకమేట మీద పాతకోట శిథిలం, దాని చుట్టూ ఆటుపోటుల నీళ్లు, ఇళ్ల ముందు పచ్చికలో నిర్భయంగా మేసే ఎర్రజింకలు. అమ్మ ఆ జింకలను వదిలి కదలనంది. నాన్నకు మాత్రం ఊరు దాటి ఒడ్డు వెంట కొంత దూరం నడిస్తే వచ్చే ఒక రాతి మొన చూడాలని ఉంది. ఎడిన్‌బరోకు చెందిన భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ 1787లో అక్కడికి వచ్చాడు. నిట్టనిలువుగా ఒరిగిన పాత షిస్టు శిల పొరల మీద, వేరే దిక్కుకు వాలిన ఇసుకరాయి పొరలు వచ్చి కూర్చున్నాయి. కింది రాయి ముందు సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకోవాలి, గట్టిపడాలి, మడతలు పడి పైకి లేవాలి, గాలికీ వానకూ అరిగిపోవాలి. ఆ అరిగిన గట్టు మీద ఇసుక మళ్లీ పేరుకుని రాయిగా మారాలి. ఆ రెండూ కలిసి మళ్లీ ఒరగాలి. భూమి వయసు ఆరువేల ఏళ్లేనని ఐరోపాలో చాలామంది నమ్మే రోజుల్లో, ఇదంతా జరగడానికి ఎంత కాలం పట్టి ఉంటుందోనని హట్టన్ ఆ గట్టు మీద నిలబడి ఆలోచించాడు. మరుసటి ఏడాది తూర్పు తీరంలోని సికార్ పాయింట్ దగ్గర ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అతనికి దొరికింది గానీ, మొదట దొరికింది ఆరన్‌లోనే. అదెలాంటి చోటో తెలియకపోతే ఎవరూ ఆగి చూడరు. నాన్న ఒక అరచేతిని కింది రాయి మీద, మరో అరచేతిని పై రాయి మీద ఆనించి చాలాసేపు నిలబడ్డారు. నేను ఫొటో తీస్తానంటే వద్దన్నారు.

తిరుగు దారిలో కాటకోల్ అనే చిన్న పల్లె వస్తుంది. సముద్రానికి ఎదురుగా, ఒకదానికొకటి ఆనుకుని ఒకే వరుసలో పన్నెండు తెల్లటి ఇళ్లు ఉంటాయి. ఏసుక్రీస్తు శిష్యుల పేరు మీద, పన్నెండు మంది అపోస్తలులు అని వాటికి పేరు. మేడమీది కిటికీ ఒక్కో ఇంటికి ఒక్కో ఆకారంలో ఉంటుంది. చేపలవేటకు వెళ్లిన భర్తకు భార్య కిటికీలో దీపం పెడితే, ఆ వెలుగు ఆకారాన్ని బట్టి ఏది తన ఇల్లో సముద్రం మీది నుంచే తెలిసేలా అలా కట్టారని చెప్తారు. ఆ కథ అమ్మకు ఎంతో నచ్చింది. నాన్న మాత్రం ఆ ఇళ్లను అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చూసి, "అన్నీ ఒకే కొలత, ఒకే వరుస. ఇవి ఎవరికి వాళ్లు కట్టుకున్న ఇండ్లు కావమ్మా. ఎవరినో ఎక్కడినుంచో లేపి తెచ్చి ఇక్కడ పెట్టినారు" అన్నారు.

ఆ మాట నిజం. వెనకున్న లోయను జింకల వేట కోసం ఖాళీ చేయించి, అక్కడివాళ్ల కోసం పందొమ్మిదో శతాబ్దం నడుమ కట్టించిన ఇళ్లవి. సేద్యం చేసుకునేవాళ్లను చేపలు పట్టుకుని బతకమంటే వాళ్లకు అది నచ్చలేదు, కొంతకాలం ఆ ఇళ్లలోకి ఎవరూ రాలేదంటారు. ఆ సాయంత్రం బ్రాడిక్‌లో మేము దిగిన ఇంటి పెద్దావిడను నాన్న అడిగితే ఇదంతా చెప్పి, "ఇంతకన్నా ముందు సానక్స్ లోయల్లో జరిగింది, వీలైతే చూసి వెళ్లండి" అందావిడ. నాన్న ఇంగ్లీషు ఆవిడకూ, ఆవిడ యాస నాన్నకూ సరిగా అర్థం కాకపోయినా, ఇద్దరూ ఓపికగా చెప్పిందే మళ్లీ చెప్పుకుంటూ రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చున్నారు. మే నెలలో అక్కడ అప్పటికి గానీ వెలుతురు పోదు.

తెల్లారి సానక్స్ వెళ్లాం. బస్సు దిగిన చోటు నుంచి ఒక పాత శ్మశానం పక్కగా బాట గ్లెన్ సానక్స్ లోయలోకి వెళ్తుంది. రెండు వైపులా కొండలు, నడుమ బండల మీద దూకుతూ స్వచ్ఛమైన వాగు, ఎక్కడో కోయిల. అక్కడి కోయిల కూత మన కోయిలది కాదు, రెండే అక్షరాలు, అయినా కోయిలేనని వినగానే తెలిసిపోతుంది. కొంత దూరం పోయాక పాడుబడ్డ గని ఆనవాళ్లు వచ్చాయి. తెల్లటి రాళ్లు అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. నాన్న ఒకటి చేతిలోకి తీసుకుని, దాని సైజుకు మించిన బరువు చూసి నవ్వారు. "ముగ్గురాయి కదమ్మా ఇది!" అన్నారు. నిజంగానే అది బెరైటీస్. కడప సీమలో మంగంపేట గనులనూ, మా చుట్టుపక్కల ముగ్గురాళ్లు లోడు చేసుకుని పోయే లారీలనూ చూసిన మనిషికి ఆ తెల్లరాయిని గుర్తుపట్టడానికి ఏ బోర్డూ అక్కరలేదు. పందొమ్మిదో శతాబ్దంలో కొంతకాలం, మళ్లీ మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కొంతకాలం ఇక్కడ బెరైటీస్ తవ్వారు. నాన్న ఆ రాయిని ఎక్కడ తీశారో అక్కడే మళ్లీ పెట్టేశారు.

అసలు చూడాల్సింది పక్క లోయ, నార్త్ గ్లెన్ సానక్స్. రోడ్డు మీద కొంచెం ముందుకు వెళ్లి వంతెన దగ్గర ఆగి, వాగు వెంట లోపలికి నడవాలి. నేను ఆ బాటన ఇదివరకూ నడిచాను. ఫెర్న్ పొదలు, గొర్రెలు, నాచు పట్టిన రాళ్లు, దూరాన శిఖరాలు. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుని వచ్చేశాను. కొత్త ఫెర్న్ అప్పుడప్పుడే చుట్టలు విప్పుతోంది కాబట్టి ఈసారి నేల బాగా కనిపిస్తోంది. నాన్న ఉన్నట్టుండి ఆగారు. ఎదురుగా మోకాలెత్తున, గడ్డితో కప్పుకుపోయిన ఒక రాతికట్టు. గొర్రెల దొడ్డి అయి ఉంటుందని నేనన్నాను. "దొడ్డి కాదమ్మా, ఇల్లు. అదిగో, దాని పక్కన ఇంకొకటి. ఆ గట్టున ఇంకొకటి. ఊరమ్మా ఇది" అన్నారు.

ఆయన చెప్పాక నాకూ కనిపించడం మొదలైంది. పొడవాటి దీర్ఘచతురస్రాలు, పొడుగు గోడ మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ వాకిలి. ఇల్లు వాలు మీద ఉంది. ఎగువ సగం మనుషులకు, దిగువ సగం పశువులకు, అంతా ఒకే కప్పు కింద. మా తాతగారి మిద్దెలో కూడా వాకిలి దాటగానే పశువుల గాడి, ఆపైన మనుషులుండే భాగం అని చిన్నప్పుడు విన్నదే. గోడ మోకాలెత్తు కూడా సరిగా లేదు, ఎటునుంచైనా దాటి లోపలికి పోవచ్చు. నాన్న అలా దాటలేదు. గోడ వెంట చుట్టూ నడిచి వెళ్లి, వాకిలి దగ్గర ఒక్క క్షణం ఆగి, అందులోంచే లోపలికి వెళ్లారు. లోపల ఒక మూలన తాకితే ఒళ్లు మండే నెటిల్ మొక్కలు గుబురుగా పెరిగి ఉన్నాయి. మనుషులూ పశువులూ ఏళ్ల తరబడి బతికిన నేలలో ఎరువు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఊళ్లు పోయిన చోట ఆ మొక్కలు ఇష్టంగా పెరుగుతాయి. అమ్మ ఆ ఇంటి వాకిలి నుంచి వాగు దాకా ఉన్న దూరాన్ని కళ్లతో కొలుస్తూ, "నీళ్లకు మాత్రం ఇబ్బంది పడి ఉండరు, పాపం" అంది. వాగుకు అవతలి వాలు మీద ఎండ ఏటవాలుగా పడుతుంటే గడ్డి కింద పొడవాటి మిట్టలూ పల్లాలూ చారలు చారలుగా తేలాయి. ఎప్పుడో ఉర్లగడ్డలకో, ధాన్యానికో మట్టి ఎగదోసి కట్టిన బోదెలవి. దాదాపు రెండు వందల ఏళ్లుగా అక్కడ ఎవరూ దున్నకపోయినా అవి చెరగలేదు.

1829లో ఆ లోయల్లోని కుటుంబాలను ఖాళీ చేయించి భూమిని గొర్రెల పెంపకానికి ఇచ్చారు. దీవిలో చాలా భాగం అప్పుడు హామిల్టన్ డ్యూకుది. స్కాట్లండ్ పాత భాషైన గేలిక్ మాట్లాడే ఆ కౌలుదార్లు తరతరాలుగా కలిసి దున్నుకున్న నేల మీద వాళ్లకు హక్కు పత్రం ఏదీ లేదు. ఓడ ఖర్చులో సగం డ్యూకే పెట్టుకున్నాడు. లామ్లాష్ రేవు నుంచి కాలడోనియా అనే ఓడలో బయల్దేరినవాళ్లు కెనడాలోని క్యూబెక్ చేరి, మెగాంటిక్ ప్రాంతంలో అడవి కొట్టి మళ్లీ సేద్యం మొదలుపెట్టారు. తరువాతి ఏళ్లలో మరికొందరు వాళ్ల వెనకే వెళ్లారు. ఆరన్‌కే ప్రత్యేకమైన గేలిక్ యాస క్రమంగా తగ్గుతూ వచ్చి, దాన్ని పుట్టుకతో మాట్లాడిన చివరివాళ్లు 1970ల నాటికి పోయారు. లోయలోని ప్రశాంతత ప్రకృతి ఇచ్చినది కాదనీ, ఎవరినో పంపించేసిన తరువాత మిగిలినదనీ ఆ గోడల మధ్య కూర్చుని సజ్జరొట్టెలు తింటున్నప్పుడు నాకు మొదటిసారి తెలిసింది.

నాన్న అప్పుడే తన ఊరి గురించి మాట్లాడారు. 1981లో ఖాళీ చేయించినప్పుడు ఆయనకు కొత్తగా ఉద్యోగం వచ్చి వేరే ఊళ్లో ఉన్నారు. తాతగారు ఇంటి దూలాలనూ తలుపులనూ విప్పించి ఎద్దులబండి మీద తెచ్చుకున్నారు, గోడలు అక్కడే వదిలేశారు. పెద్ద గుళ్లను మాత్రం ప్రభుత్వం రాయి రాయి విప్పి ఎత్తైన చోట్లకు తరలించింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే అలంపురం చేరింది. ఎండాకాలంలో కృష్ణ నీళ్లు బాగా వెనక్కి పోయిన ఏళ్లలో సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరుడి గుడి బయటపడితే జనం దర్శనానికి పోతారని మనందరికీ తెలుసు. నాన్న కూడా పోయేవారు, దర్శనం అయ్యాక అటునుంచి అటే తన ఊరి దిక్కుకు నడిచేవారు. బురద ఎండి నెర్రెలిచ్చిన నేలలో పునాదుల వరుసలు బయటపడి ఉండేవట. ఏది ఎవరి వాకిలో వెతుక్కుంటూ తిరిగేవారట. ఆ అలవాటే సానక్స్‌లో ఆయన కంటికి పని చేసింది. "మన ఊరి నీళ్లతో ఎందరి పొలాలో పండుతున్నాయి, కరెంటు వచ్చింది, కాదనను. వీళ్లను గొర్రెల కోసం పంపినారు. రెండూ ఒకటి కాదు" అని కాసేపాగి, "వాకిలి మాత్రం ఒకటే మాదిరిగా ఉందమ్మా" అన్నారు.

తిరుగు ప్రయాణానికి ముందు లామ్లాష్ కూడా చూడాలని నాన్న పట్టుబట్టారు. పశ్చిమాన మాక్రీ మూర్ బీడులోని వేల ఏళ్ల నాటి నిలువురాళ్లు చూపించాలని నాకు ఉండింది. మనిషికి రెండు మూడింతల ఎత్తున్న ఎర్ర ఇసుకరాతి పలకలవి, చుట్టూ బోడి బీడు, వెనక కొండలు, చూసి తీరవలసిన చోటు. ఆ పూట దాన్ని వదులుకున్నాం. లామ్లాష్ అఖాతానికి అడ్డంగా హోలీ ఐల్ అనే మరో కొండదీవి నిలబడి గాలినీ అలలనూ ఆపుతుంది కాబట్టి ఆ రేవు ఎప్పుడూ నిమ్మళంగా ఉంటుంది. 1263లో నార్వే రాజు హాకన్ తన నావలను ఇక్కడే నిలుపుకున్నాడు. ఇప్పుడు హోలీ ఐల్ టిబెట్ బౌద్ధుల చేతిలో ఉంది. 2008 నుంచి అఖాతంలో ఒక భాగంలో చేపలు పట్టడం పూర్తిగా నిషేధం, దానికోసం ఏళ్ల తరబడి పోరాడినవాళ్లు దీవి ప్రజలే.

ఆ ఒడ్డున, హామిల్టన్ పేరే పెట్టుకున్న ఇళ్ల వరుసకు ఎదురుగా, పచ్చికలో వలసపోయినవాళ్ల స్మారకం ఉంది. దాన్ని ఉత్తర అమెరికాలోని వాళ్ల వంశస్థుల తరఫున నిలిపారు. 1829 నుంచి 1840 దాకా తమ ముత్తాతలు ఈ దీవిని వదిలి కెనడా వెళ్లారనీ, బయల్దేరిన ఈ చోటనే ఒక మతగురువు వాళ్లకు ధైర్యం చెప్తూ ప్రసంగం చేశాడనీ దాని మీద రాసి ఉంది. నాన్న జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, ఆ ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒక్కటీ వదలకుండా రాసుకున్నారు. ఫెర్రీ టైమవుతోందని నేను తొందరపెడుతున్నా తొందరపడలేదు. "ఇంత దూరం పోయి, ఇన్ని తరాలైనా వెనక్కి వచ్చి రాయి నాటినారు చూడు" అన్నారు.

కర్నూలు చేరిన కొన్ని నెలలకు, ఆ నోటుబుక్కులోనే తరువాతి పేజీల్లో నాన్న తన ఊరి పటం గీయడం మొదలుపెట్టారు. రచ్చబండ నుంచి మొదలుపెట్టి వీధి వీధికీ, ఇంటింటికీ, ఎవరి వాకిలి ఎటువైపో బాణం గుర్తుతో. పై వీధులు ఆయనకు ఎలాగూ గుర్తున్నాయి. ఊరి దక్షిణాన ఉన్న మాదిగవాడలో మాత్రం ఏ ఇల్లు ఎవరిదో తెలియదు, చిన్నతనంలో అటు వెళ్లనిచ్చేవాళ్లు కాదు. అందుకని ముంపువాసులకు ఇచ్చిన కాలనీకి వెళ్లి, ఆ వాడలో పుట్టిన ముసలివాళ్లను కూర్చోబెట్టుకుని అడిగి ఆ భాగం నింపుకొచ్చారు. వాళ్లే పెన్ను తీసుకుని కొన్ని ఇళ్లు గీశారు, అందుకే పటంలో ఆ మూల గీతలు వేరుగా ఉంటాయి. ఇప్పుడు దాని జిరాక్సు కాపీలు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఉన్న ఊరివాళ్లందరి దగ్గరా ఉన్నాయి. దిద్దుబాట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మొన్న సంక్రాంతికి ఒకాయన ఫోన్ చేసి, చింతచెట్టు మంచినీళ్ల బావికి తూర్పున కాదు, ఈశాన్యాన ఉండేదని వాదించారు. నాన్న ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి కనుక్కుని, రబ్బరు తీసుకుని చెట్టును జరిపారు.